బడిలో ఉన్నన్నాళ్ళు

మా వాడలో ఆ జబ్బుని పేరు పెట్టి ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. "ఆ జబ్బు" అనేవాళ్ళు. లేదంటే "పెద్దరోగం" అనేవాళ్ళు. ఆస్పత్రిలో డాక్టరు కూడా నోటితో చెప్పేవాడు కాదు. చీటీ మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసి, మడిచి చేతిలో పెట్టేవాడు. ఆ చీటీ చదవగలిగినోళ్ళు వాడలో నలుగురైదుగురే. అయినా సాయంత్రానికల్లా అందరికీ తెలిసిపోయేది.

మాది ఒంగోలుకీ చిలకలూరిపేటకీ నడుమ, హైవేకి ఆనుకున్న ఊరు. ఆ రోడ్డుని అప్పట్లో ఎన్‌హెచ్ ఫైవ్ అనేవాళ్ళు, ఇప్పుడు సిక్స్‌టీన్ అంటున్నారు. ఊరికి దూరంగా, రోడ్డుకి దగ్గరగా మా మాదిగపల్లె. సెంటు భూమి లేని జనం. మగాళ్ళు లారీల మీద క్లీనర్లుగా పోయేవాళ్ళు, ఆడాళ్ళు పొగాకు గ్రేడింగుకి పోయేవాళ్ళు. మా మేనమామ కలకత్తా నుంచి మద్రాసు దాకా లారీ మీద తిరిగినవాడు. 2000లో ఇంటికొచ్చి మంచం పట్టాడు. 2001లో పోయాడు. పాడె మొయ్యడానికి వాడలో నాలుగు భుజాలు దొరకలేదు. మా నాయన, ఇద్దరు బాబాయిలు పట్టారు. నాలుగో భుజం మా అమ్మది.

మామ పోయాక అత్తకి వాడలోనే గ్లాసు వేరైపోయింది. ఈ సంగతి రాయకుండా ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఊళ్ళో టీ కొట్టు దగ్గర మాకు గ్లాసులు వేరుగా ఉండేవి. చూరులో దోపి ఉన్న గ్లాసు మేమే తీసుకుని, తాగి, మేమే కడిగి మళ్ళీ అక్కడే దోపాలి. మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవకి 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. అది మాకు దగ్గరి ఊరే. ఆ కథ వింటూ పెరిగిన పిల్లలం మేం. నీళ్ళ దగ్గర అంటు అంటే ఏంటో మాకెవరూ చెప్పక్కర్లేదు. అట్లాంటి మా జనమే అత్త కడవలో నీళ్ళు తాగడం మానేశారు. ఊరు మాకేం చేసిందో మేం అత్తకి అదే చేశాం.

అత్తకి ఇద్దరు పిల్లలు. పెద్దది నాకు వదిన, నాకంటే రెండేళ్ళు పెద్ద. నాకంటే లెక్కలు బాగా చేసేది. పొగాకు బేళ్ళ తూకం నోటితో చెప్పేసేది, గుమాస్తా కాగితం మీద రాసేలోపు. మామ మంచం పట్టిన ఏడు ఆమె ఏడో తరగతి. తండ్రికి గంజి కాచిపొయ్యాలి, తమ్ముణ్ణి చూసుకోవాలి, అత్త కూలికి పోవాలి. వదిన బడి ఆగిపోయింది. ఎవరూ మాన్పించలేదు. దానంతటదే మాని పోయింది. మా పిల్లల చదువులు ఎక్కువగా అట్లాగే పోతాయి.

అదే ఏడు నాకు ఆరో తరగతిలో సాంఘిక సంక్షేమ హాస్టల్లో సీటొచ్చింది. మా అమ్మ నన్ను రేకుపెట్టెతో సహా బస్సెక్కించి, "సదువుకో. మళ్ళీ పొగాకు కాడికి రాబాక" అంది. ఆ హాస్టల్లో అన్నంలో పురుగులుండేవి. స్నానాల గదికి తలుపుండేది కాదు. అయినా రాత్రి ఎనిమిదింటికి గేటుకి తాళం వేసేవాళ్ళు. ఆ తాళం లోపల నూటయాభై మంది ఆడపిల్లలం పుస్తకాలు ముందేసుకుని కూచునేవాళ్ళం.

నేను హైస్కూల్లో ఉండగా, 2003 ప్రాంతంలో, రోడ్డు పొడుగునా పెద్దపెద్ద బోర్డులు లేచాయి. "పులిరాజాకి ఎయిడ్స్ వస్తుందా?" అని. బస్సులో జనం చదువుకుని నవ్వుకునేవాళ్ళు. హాస్టల్లో మేమూ నవ్వాం. పులిరాజా పెళ్ళాం ఎవరు, ఆమెకి ఎన్నేళ్ళు, ఆమెకి వస్తుందా అని మాత్రం నేను చూసిన ఏ బోర్డు మీదా లేదు. ఆ ఏడే వదినకి పెళ్ళి చేశారు. ఆమెకి పదహారు. పెళ్ళికొడుకు లారీ డ్రైవరు, ఇరవయ్యేడేళ్ళవాడు. "తండ్రి లేని పిల్ల, ఆ ఇంటి పిల్ల, అయినా కట్నం అడగలేదు, దేవుడు" అన్నారు వాడలో.

అత్త ఆ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు. ప్రభుత్వం 2004 ఏప్రిల్ 1 నుంచి ఈ జబ్బుకి మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ మందులు మా వైపు ఆస్పత్రులకి చేరేలోపే ఆమె పోయింది. 2005లో వదిన కడుపుతో ఉండి పరీక్షకి పోతే చీటీ ఆమె చేతికీ వచ్చింది. కాన్పప్పుడు తల్లికో మాత్ర, బిడ్డకి చుక్కల మందు ఇచ్చారు. బిడ్డకి రాలేదు. 2008లో డ్రైవరు పోయాడు. వదిన ఈ రోజుకీ ఉంది. రోజూ మాత్ర వేసుకుంటుంది, పనికి పోతుంది, కొడుకుని డిగ్రీ చదివిస్తోంది.

ఇద్దరం ఒకే వాడ పిల్లలం. ఒకే నీళ్ళు తాగాం. తెలివి ఆమెకే ఎక్కువ. నేను టీచర్నయ్యాను, ఆమెకి జబ్బొచ్చింది. ఇది నా అదృష్టం, ఆమె ఖర్మ అని మా చుట్టాలు ఇప్పటికీ అంటారు. ఆ మాట నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు. కానీ దానికి జవాబు చెప్పే లెక్క నా దగ్గర ఉండేది కాదు.

కొన్నేళ్ళ కిందట టీచర్లకి కిశోర విద్య మీద శిక్షణ పెట్టారు. వచ్చినాయన మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే ప్రొఫెసరు. తెర మీద "వల్నరబుల్ యూత్" అని పడింది. కింద చిట్టా: వలసకూలీల పిల్లలు, లారీ పనివాళ్ళ పిల్లలు, బడి మానేసినవాళ్ళు, ఎస్సీ ఎస్టీ పిల్లలు. ఆయన దాన్ని తెలుగులో "బలహీన యువత" అన్నాడు. నేను లేచి, "సార్, మా పిల్లలు పదకొండేళ్ళకే మిరపబస్తా ఎత్తుతారు. బలహీనత ఎవరికి?" అని అడిగాను. హాల్లో కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు. "అమ్మా, మాట నాది తప్పే. ప్రమాదాన్ని వాళ్ళ దారిలో పెట్టారు అనాలి. దక్షిణాఫ్రికాలో ఒకావిడ దీని మీదే ముప్పయ్యేళ్ళకి పైగా పనిచేస్తోంది, చదవండి" అని పేరు రాసిచ్చాడు. క్వరైషా అబ్దుల్ కరీం.

ఇంటికొచ్చి సెల్‌ఫోన్లో వెతుక్కున్నాను. నా ఇంగ్లీషు నిఘంటువు ఇంగ్లీషు. ఒక్కో కాగితానికి ఒక్కో ఆదివారం పట్టింది. ఆమె 1960లో టొంగాట్‌లో పుట్టారు. నాటాల్ చెరుకు తోటల సీమ అది. 1860 నుంచి 1911 దాకా మన దేశం కూలీలని ఓడలెక్కించి దించిన నేల. మద్రాసు రేవు నుంచి పోయినవాళ్ళలో విశాఖ, గంజాం వైపు తెలుగువాళ్ళున్నారు, మా లాంటి కులాలవాళ్ళున్నారు. ఆ పేర్లు చదువుతుంటే పరాయి దేశం అనిపించలేదు.

1990ల మొదట్లో ఆమె, తోటి పరిశోధకులు నాటాల్ జనంలో రక్తపరీక్షలు చేశారు. ఇరవై నిండని ఆడపిల్లల్లో జబ్బు, ఆ ఈడు మగపిల్లల్లో కంటే ఎన్నో రెట్లుంది. తోటి కుర్రాళ్ళకి లేని జబ్బు ఆ పిల్లలకి ఎక్కణ్ణించి వచ్చింది? ఈ ప్రశ్నని ఆమె వదల్లేదు. 2017లో అచ్చయిన పరిశోధనలో ఆమె ఉన్న బృందం మనుషుల్లోని వైరస్ పోలికలని ఒకదానితో ఒకటి సరిచూసి, ఎవరి నుంచి ఎవరికి సోకి ఉంటుందో గుర్తుపట్టింది. పాతికేళ్ళ లోపు ఆడపిల్లలకి అంటించిన మగాళ్ళు వాళ్ళకంటే సగటున 8.7 ఏళ్ళు పెద్దవాళ్ళు. ఆ అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా వాడలో పెళ్ళిళ్ళు లెక్కేసుకున్నాను. వదినకీ మొగుడికీ పదకొండేళ్ళు తేడా.

ఆడపిల్ల తన చేతిలో ఉంచుకోగల మందు ఒకటి కావాలని ఆమె చాలా ఏళ్ళు పనిచేశారు. మగాణ్ణి బతిమాలక్కర్లేని మందు. 889 మంది ఆడవాళ్ళతో ఒక జెల్‌ని పరీక్షించారు. జబ్బు సోకడం 39 శాతం తగ్గిందని 2010 జులైలో వియన్నా సభలో చెప్పారు. ప్రపంచమంతా సంతోషపడింది. తర్వాత వేరే బృందం రెండువేల మందికి పైగా ఆడవాళ్ళతో అదే జెల్‌ని మళ్ళీ పరీక్షించింది. 2015లో ఫలితం వచ్చింది. జెల్ కాపాడలేదు. ఎక్కువమంది దాన్ని చెప్పిన ప్రకారం ప్రతిసారీ వాడలేకపోయారు. వాళ్ళలో చాలామంది పెళ్ళికాని పిల్లలు, తల్లిదండ్రుల ఇంట్లో ఉంటున్నవాళ్ళు. ఇది చదివినప్పుడు నాకు ఏ వివరణా అవసరం లేకపోయింది. మా ఇల్లు ఒకే గది. అందులో ఆరుగురం. మూడురోజుల గుడ్డ ఆరేసుకోడానికే చోటు లేని ఇంట్లో, మందు ట్యూబు దాచుకుని ఎవరూ చూడకుండా వాడుకోవడం ఏ పిల్ల వల్ల అవుతుంది?

మందులు ముందుకే పోతున్నాయి. దక్షిణాఫ్రికాలో, ఉగాండాలో పదహారు నుంచి పాతికేళ్ళ ఆడవాళ్ళ మీద జరిగిన పరీక్షలో ఆరునెలలకో సూది చొప్పున లెనకాపవిర్ వేసుకున్న 2,134 మందిలో ఒక్కరికి కూడా జబ్బు రాలేదని 2024లో బయటపెట్టారు. చాలా గొప్ప సంగతి. అట్లాంటి సూది మా పిల్లలకి అందాలని నేనూ కోరుకుంటాను. మందు కనిపెట్టినవాళ్ళకి దణ్ణం పెడతాను. కానీ నన్ను పట్టి కుదిపేసింది సూది కాదు, బడి.

బోట్స్‌వానా అని దక్షిణాఫ్రికా పక్క దేశం. అక్కడ 1996లో ఒక మార్పు చేశారు. అప్పటిదాకా పై స్థాయి బడిలో ఉన్న పదో తరగతిని కింది స్థాయి బడిలోకి తెచ్చారు. అంతే. తొమ్మిదితో ఆగిపోయే పిల్లలు ఇంకో ఏడు బడిలో ఉన్నారు. పెద్దయ్యాక వాళ్ళకి రక్తపరీక్షలు చేస్తే, ఆ ఒక్కో అదనపు ఏడు చదువుకి జబ్బు వచ్చే ప్రమాదం 8.1 శాతం పాయింట్లు తగ్గిందని 2015లో తేల్చారు. ఆడపిల్లల్లో మేలు ఇంకా ఎక్కువ. ఆ మార్పు చేసినవాళ్ళు జబ్బు కోసం చెయ్యలేదు. పిల్లలు ఇంకో ఏడు చదువుకోవాలని చేశారు.

దక్షిణాఫ్రికా పల్లెల్లోనే ఇంకో పరిశోధన. పదమూడు నుంచి ఇరవయ్యేళ్ళ ఆడపిల్లలు 2,537 మంది. సగంమందికి, బడికి సరిగ్గా వస్తే నెలనెలా డబ్బిచ్చారు. సగంమందికి ఇవ్వలేదు. జబ్బు సోకడంలో రెండు జట్లకీ తేడా రాలేదు. డబ్బు పనిచెయ్యలేదు అని రాసుకుని పోవచ్చు. కానీ పరిశోధకులు ఇంకొంచెం చూశారు. డబ్బున్నా లేకపోయినా, బడి మానేసిన పిల్లలకి బడిలో ఉన్న పిల్లల కంటే జబ్బు ప్రమాదం మూడు రెట్లు ఉంది. బడికి పోయే పిల్ల చుట్టూ తన ఈడు పిల్లలుంటారు. బడి మానేసిన పిల్ల చుట్టూ పెద్ద మగాళ్ళుంటారు. చేలో ఉంటారు, గోడౌన్లో ఉంటారు, పెళ్ళిచూపుల్లో ఉంటారు.

మా చుట్టాలకి చెప్పాల్సిన జవాబు నాకు అప్పుడు దొరికింది. వదినకి వచ్చింది ఖర్మ కాదు. నాది అదృష్టం కాదు. నాకు తాళం వేసిన గేటు లోపల ఏడేళ్ళు దొరికాయి. ఆమెకి దొరకలేదు. ఆ ఏడేళ్ళ తేడాని కొలవచ్చు. కొలిచారు.

ఇప్పుడు నేను పనిచేస్తున్నది మా ఊరికి దగ్గర్లోనే, జిల్లా పరిషత్ హైస్కూలు. మా బడికి ఆడపిల్లలు బాగానే వస్తారు. మధ్యాహ్నం అన్నం ఉంది, పుస్తకాలు ఇస్తారు. పదో తరగతి దాకా బండి నడుస్తుంది. తర్వాతే గొయ్యి. జూనియర్ కాలేజీ పద్నాలుగు కిలోమీటర్లు. సాయంత్రం ఐదు దాటితే బస్సు లేదు. హాస్టల్ సీట్లు తక్కువ. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో లెక్కేస్తే, ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్ళైపోయింది. దేశం మొత్తం మీద ఆ లెక్క 23.3. 2021 అంచనాల ప్రకారం మన రాష్ట్రంలో పెద్దవాళ్ళలో ఈ జబ్బు 0.67 శాతం. దేశంలో 0.21. ఈ రెండు లెక్కలు వేరువేరు శాఖల పుస్తకాల్లో ఉంటాయి. నా పదో తరగతి గదిలో ఒకే బెంచీ మీద కూచుంటాయి.

ఈ ఏడు ఆ బెంచీ మీద ఒక పిల్ల ఉంది. పేరు రాయను. పరీక్షలు అవుతూనే పెళ్ళన్నారు. పిల్లకి పదహారు. అబ్బాయికి ఇరవయ్యారు. వాళ్ళింటికి పోయాను. వాళ్ళమ్మ మిరపకోతల నుంచి అప్పుడే వచ్చింది. చేతులు మండుతున్నాయి, నూనె రాసుకుంటోంది.

"బడి అయిపోయిందిగా టీచరుగారూ. ఇంక ఇంట్లో పెట్టుకుని నేను కూలికెట్టా పోవాల? రేపేదన్నా జరిగితే ఊరు నన్నంటదా, మిమ్మల్నంటదా?"

"పద్దెనిమిది నిండకుండా చేస్తే చట్టం ఒప్పుకోదమ్మా."

"కేసు పెట్టిస్తావా? మాలో పుట్టినదానివి!"

'మీరు' నుంచి 'నువ్వు'కి దిగింది. ఆమె కోపంలో అబద్ధం లేదు. పోలీసు మా వాడకి వస్తే ఏం జరుగుతుందో ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. 8.7 అనే అంకె ఆ వాకిట్లో నా నోటికి రాలేదు. ఆమెకి కావాల్సింది అంకె కాదు. కూతురు పగలెక్కడుంటుంది, రాత్రెక్కడుంటుంది అన్నదానికి జవాబు.

రెండోసారి వదిన నాతో వచ్చింది. నేను రమ్మనలేదు. సంగతి విని తనే వస్తానంది. పాతికేళ్ళ కిందట ఇదే వాడలో వాళ్ళమ్మకి గ్లాసు వేరుపెట్టారు. ఇప్పుడు ఆ పిల్ల తల్లి మంచినీళ్ళు తెచ్చి తమ గ్లాసుతోనే ఇచ్చింది. వదిన తాగి, గ్లాసు కిందపెట్టి, ఉపన్యాసమేమీ ఇవ్వలేదు.

"నాకూ కట్నం అడగలేదక్కా. మంచోడనే చేశారు. మంచోడే పాపం. ఆడికీ తెలీదు, నాకూ తెలీదు. పెళ్ళికి ముందు పరీక్ష చేయించుకోమని అడిగే నోరు నాకప్పుడు లేదు. నీ కూతురికుందా?"

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఆ తల్లి నావైపు తిరిగి, "హాస్టల్‌కి తాళం ఏస్తారా టీచరుగారూ?" అని అడిగింది. వేస్తారన్నాను. పెళ్ళివాళ్ళకి రెండేళ్ళు ఆగమని కబురు పంపారు. ఆగుతారో లేదో తెలీదు. హాస్టల్‌కి దరఖాస్తు నేనే రాశాను. కుల ధ్రువీకరణ కాగితానికీ, ఆదాయం కాగితానికీ ఆ తల్లి రెండు రోజుల కూలి వదులుకుని మండలాఫీసు చుట్టూ తిరిగింది.

1848లో పూణేలో ఫూలే దంపతులు ఆడపిల్లలకి బడి పెట్టారు. వాళ్ళ బడిలో చదివిన ముక్తాబాయి అనే మాంగ్ పిల్ల, అంటే మా మాదిగ లాంటి కులం పిల్ల, 1855లో, పద్నాలుగేళ్ళ వయసులో, తన జనం బాధల గురించి వ్యాసం రాసింది. బడిలో కూచోబెడితే మా పిల్ల పద్నాలుగేళ్ళకి ప్రశ్న రాస్తుంది. బడి తీసేస్తే పదహారేళ్ళకి పెళ్ళిపీట మీద కూచుంటుంది. దీనికి పరిశోధన కావాలా అని మా అమ్మ అడుగుతుంది. కావాలమ్మా. నీ మాటని ఆఫీసులో వినరు. 8.1 అంటే వింటారేమోనని నా ఆశ.

అందుకే మండల విద్యాధికారికి రాసిన అర్జీలో ఆ అంకె పెట్టాను, 29.3 పెట్టాను. మా బడిలోనే పదకొండు, పన్నెండు తరగతులు పెట్టమని అడిగాను. అది అయ్యేదాకా సాయంత్రం ఆరుకి ఒక బస్సు వెయ్యమని అడిగాను. పులిరాజా బోర్డులకి డబ్బులున్న ప్రభుత్వాలకి ఒక బస్సు బరువు కాదు. అర్జీ కింద పదో తరగతి ఆడపిల్లలు పదకొండుమందీ సంతకాలు చేశారు. వేలిముద్ర ఒక్కటి కూడా లేదు.

హాస్టల్ సీట్ల జాబితా ఇంకా రాలేదు. ఆ పిల్ల రోజూ ఒకసారి మా ఇంటికొచ్చి అడిగి పోతోంది.